తడిబట్టల ప్రమాణం

మా నాయన పేపరును పైకి చదివేవాడు. ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, నంద్యాల బస్సులో వచ్చిన పేపరును మొదటి అక్షరం నుంచి చివరిదాకా, వినేవాళ్లు ఉన్నా లేకపోయినా, గట్టిగా చదివేవాడు. మధ్యలో ఆగి తన మాట కూడా కలిపేవాడు. ఏది పేపరులో ఉన్నదో, ఏది ఆయన చెప్పిందో లోపల బియ్యం ఏరుకుంటున్న మాకు తెలిసేది కాదు. ఆడపిల్లలకు ఆస్తిలో భాగం ఇచ్చే చట్టం వస్తుందన్న సంగతి నేను మొదట విన్నది అట్లాగే. చట్టాన్నీ దాని మీద ఆయన తిట్టునూ ఒకేసారి విన్నాను.

"అన్నదమ్ములు కొట్టుకుని సస్తాండేది సాలదని ఇప్పుడు అక్కసెల్లెండ్లను గూడా దింపుతాండారు. ఆడబిడ్డకు సీర పెడతాం, కాన్పు చేస్తాం, కష్టమొస్తే ఇంట్లో పెట్టుకుంటాం. అది మాట మీద నడిసే పని. దానికి కాగితమేందీ?"

మా నాయన పిసినారి కాదు. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా మొదటి కట్టెల బండి మా ఇంటి నుంచే పోయేది. కాకపోతే ఆయన లోకం అంతా మాట మీద నిలబడింది. కాగితం అడిగాడంటే ఎదుటివాణ్ణి దొంగ అన్నట్టేనని ఆయన లెక్క. యాభై ఐదు ఎన్నికలప్పుడు ఎర్రజెండా వాళ్లకు ఓటెయ్యవద్దని శిరివెళ్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ కాలినడకన తిరిగాడు. మరుసటి ఏడు ఆ చట్టం వచ్చేసినప్పుడు కూడా అట్లాగే తిరిగాడు. రచ్చ మీద నిలబడి, ఈ చట్టాన్ని మనం ముట్టుకోకుంటే అది దానంతట అదే చచ్చిపోతుందని రైతులకు చెప్పేవాడు. వాళ్లు తలలు ఊపేవారు.

మాట తర్వాత ఆయన నమ్మింది మహానంది ఈశ్వరుణ్ణి. ఎవరైనా తగువు తెచ్చి అరుగు ముందు నిలబడితే ఇద్దరి మాటా విని, చివరికి ఒకటే అడిగేవాడు. "మహానందిలో మునిగి, తడిబట్టలతో సామి ముందర కర్పూరం ఆర్పుతావా?" అబద్ధం ఆడినవాడు ఆ మాటకు సగం చచ్చిపోయేవాడు. ఎద్దును దొంగిలించిన ఒకడు బండి ఎక్కబోయి, చక్రం పట్టుకుని ఏడ్చి, ఎద్దు ఎక్కడుందో చెప్పాడు. ఆ రోజు నాయన ముఖంలో కనబడిన తృప్తి నాకింకా గుర్తుంది. గెలిచిన వాడి తృప్తిలా ఉండదది. లోకం సరిగ్గానే నడుస్తోందని చూసుకున్నవాడి తృప్తి.

మా అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన యాభై మూడులో, ఎండాకాలంలో ఆమె పెళ్లయింది. ఇచ్చింది బండి ఆత్మకూరు వైపు ఒక ఊరికి. ఆళ్లగడ్డలో బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా నంద్యాల చేరి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంట ఎద్దులబండిలో పోవాలి. మాది నల్లరేగడి, వాన దయ మీద బతికే నేల. వాళ్లది కాలువ కింద వరి. మొదటిసారి అక్కను చూడడానికి పోయినప్పుడు గట్టుకు రెండు పక్కలా అంత పచ్చదనం చూసి మా అమ్మ బండిలోనే చేతులు జోడించింది. బిడ్డ అన్నం తింటుంది, జొన్నరొట్టె పనుండదు అంది.

బావ నెమ్మదైన మనిషి. అక్క మామ మాత్రం పెద్ద గొంతు, పెద్ద పలుకుబడి ఉన్నవాడు. రాజకీయాల్లో మా నాయనదీ ఆయనదీ ఒకే దారి. చట్టం వద్దని మాట్లాడే సభల్లో ఇద్దరూ కలుసుకునేవారు. "మా వియ్యంకుడు మొగోడప్పా, మాట తప్పడు" అని నాయన పదిమందిలో చెప్పుకునేవాడు.

యాభై ఏడులో, వరి కోతల ముందు, బావకు జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోదామని అక్క బతిమాలింది. కోతలు కానిద్దాం అన్నారు. కోతలు పూర్తికాకముందే పోయాడు. అప్పటికి వాళ్లకు రెండేళ్ల కూతురు.

పోయే ముందు జరిగిన సంగతి అక్క మాకు చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ ఒకేలాగా, ఒక్క మాట పెంచకుండా చెప్పింది. మంచం పక్కన మామ కూర్చున్నాడు. తలాపున అక్క ఉంది. బావ తండ్రి చేయి పట్టుకుని, "కాలవ కింద చేను దానికి ఇడిసిపెట్టు నాయనా. పాప ఉండాది" అన్నాడు. మామ, "అట్లే రా, అట్లే. నువ్వు పండుకో" అన్నాడు. అంతే.

కర్మలు అయిపోయాక అక్కను మేమే తెచ్చుకున్నాం. కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటే మనసు కుదుట పడుతుందని వాళ్లే అన్నారు. తర్వాత ఎవరూ రాలేదు. సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. ఉగాదికి పాపకు గౌను గుడ్డయినా పంపలేదు. అప్పుడు నాయన చొక్కా వేసుకుని నంద్యాల బస్సెక్కాడు. మరునాడు తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమన్నాడు?" అని అమ్మ అడిగింది.

"చేనా, యా చేను? అన్నాడు. కొడుకు ఏమీ అన్ల్యా, నేను ఏమీ ఒప్పుకోల్యా అన్నాడు."

అక్క లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. "నేను ఆడనే ఉంటిని గదా నాయనా."

"నువ్వు చెప్పింది అబద్ధమంటానా మ్మా?" అన్నాడు నాయన. ఆయనకు కోపం కంటే బిత్తరపోవడం ఎక్కువగా ఉంది. వియ్యంకుడు అబద్ధం చెప్పగలడన్నది ఆయన బుర్రకు ఎక్కడం లేదు.

నంద్యాలలో నాయనకు తెలిసిన ప్లీడరు ఒకాయన ఉండేవాడు. విభూతి రేఖలు పెట్టుకుని కోర్టుకు పోయేవాడు. ఆయన కూడా ఆ చట్టం వద్దన్నవాడే. ఏదో పెళ్లికి ఆళ్లగడ్డ వచ్చినప్పుడు మా ఇంట్లో మజ్జిగ తాగుతూ సంగతంతా విన్నాడు.

"కొడుకు ఏమన్నాడు, తండ్రి ఏమన్నాడు, ఇదంతా ఎందుకు అన్నా? ఆ కొత్త చట్టం కూతుర్లకే కాదు, మొగుడి భాగంలో ఈ అమ్మాయికీ హక్కిస్తాది. నాకు ఆ చట్టం నచ్చిందా? నచ్చల్యా. కానీ వచ్చింది గదా. దావా వేస్తే ఆయప్ప దిగొస్తాడు."

నాయన ఆయన తాగిన చెంబును పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు, "ఆ చట్టం ముట్టుకోవద్దని ఊరూరా తిరిగి చెప్పినోణ్ణి. నా కూతురికి అవసరం పడిందని ఇప్పుడు నేనే ముట్టుకుంటే, రేపు ఏ ఊర్లో మొగం ఎత్తుకుంటా?"

"బిడ్డ బతుకు అన్నా ఇది."

"బిడ్డ బతుకు నేను చూసుకుంటా. నా ఇంట్లో దానికి తిండికి కొదవా?"

"తిండి కాదు నాయనా" అంది అక్క తలుపు వెనక నుంచి. "ఆయప్ప అడిగిపోయినాడు గదా. నా కోసమని అడిగిపోయినాడు."

ఆ మాటకు మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన లేచి నిలబడ్డాడు. "అయితే నాకు తెలిసిన దారిలో తేలుస్తా. మహానందికి రమ్మంటా వాణ్ణి."

కబురు పోయింది. ఆయన ఒప్పుకున్నాడని జవాబు వచ్చింది. ఒప్పుకోడనీ, భయపడి చేను ఇచ్చేస్తాడనీ నాయన అనుకున్నాడు. ఒప్పుకున్నాక కూడా, నీళ్ల దాకా వచ్చి ఆగిపోతాడనే అనుకున్నాడు. వచ్చే వారానికి నీ చేనులో నువ్వు నిలబడతావని బస్సులో అక్కతో అన్నాడు.

నేనూ వెళ్లాను. అమ్మకు ఒంట్లో బాగాలేక, పాపను ఎత్తుకోవడానికి మనిషి కావలసి వచ్చింది. నంద్యాలలో దిగి బండి కట్టించుకుని పోయాం. నల్లమల దగ్గరికి వచ్చే కొద్దీ గాలి చల్లబడింది. దారి పొడుగునా నాయన శివనామం అనుకుంటూనే ఉన్నాడు. అక్క కొండల వైపు చూస్తూ కూర్చుంది.

వాళ్లు ముందే వచ్చి ఉన్నారు. రెండు పక్కల నుంచీ పెద్దమనుషులు ఇద్దరిద్దరు. పూజారికి ఈ పని ఇష్టం లేదు. "గర్భగుడి ముందర వద్దు నాయనా, మీ తగువులు మంటపంలో చేసుకోండి" అన్నాడు. అందరి ముందూ నాయన షరతు చెప్పాడు. "బావా, నీ కొడుకు అడగల్యా, నువ్వు ఒప్పుకోల్యా అని ప్రమాణం చెయ్యి. చేస్తివా, ఇంక ఆ చేను ఊసు నేనెత్తను, నా కూతురూ ఎత్తదు. చెయ్యలేకుంటే చేను ఇచ్చెయ్యి."

అక్క నా పక్కనే ఉంది. ఎత్తనని ఆమె అనలేదు. అంటావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

అక్క మామ చొక్కా విప్పి పక్కనున్న చిన్నకొడుక్కి ఇచ్చి, మెట్లు దిగి కోనేట్లోకి పోయాడు. మహానంది కోనేటి నీళ్లు అద్దంలా ఉంటాయి. అడుగున గులకరాళ్లు, ఆ రాళ్ల మీద ఆయన పాదాలు, పంచె అంచు నీళ్లలో తేలడం, అన్నీ కనబడుతున్నాయి. మూడు మునకలు వేశాడు. ప్రతి మునకకూ నాయన ముందుకు వంగాడు. ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు చెప్పేస్తాడు అని చూస్తున్నట్టుంది. ఆయన పైకి వచ్చి, నీళ్లు కారుతున్న పంచెతోనే మంటపంలో నిలబడి, వెలుగుతున్న కర్పూరం మీద అరచేయి ఉంచి, "నా కొడుకు చేను ఇమ్మని నాతో అన్ల్యా. నేను ఇస్తానన్ల్యా. ఇది అబద్ధమైతే ఈ సామి నన్నూ నా వంశాన్నీ సూసుకుంటాడు" అన్నాడు.  చేత్తో కర్పూరం ఆర్పాడు. ఆ తర్వాత అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

నా వంశాన్నీ అన్నప్పుడు అక్క పాపను నా చేతుల్లోంచి లాక్కుంది. ఆ వంశంలో పాప కూడా ఉంది.

తిరిగి బండిలోనే నంద్యాల చేరాం. నంద్యాల బస్టాండులో నాయన మా ఇద్దరికీ టీ తెప్పించాడు. ఎప్పుడూ అట్లా చేసేవాడు కాదు. "దేవుడు బేగా చెయ్యడు మ్మా. కానీ చేస్తాడు" అన్నాడు. అక్క టీ తాగింది, గ్లాసు కింద పెట్టింది.

అప్పటి నుంచీ మా ఇంట్లో ఒక ఎదురుచూపు మొదలైంది. పైకి ఎవరూ అనేవారు కాదు గానీ, నంద్యాల వైపు నుంచి ఎవరొచ్చినా అమ్మ ముందు నీళ్లిచ్చి, తర్వాత మెల్లగా అడిగేది, అక్క అత్తగారి ఊర్లో అందరూ బాగున్నారా అని. బాగున్నారు. ఆ ఏడు కాలువ నిండుగా పారింది, వాళ్లకు పంట బాగా పండింది. పాత మిద్దె మీద ఇంకో మిద్దె లేపారు. చిన్నకొడుక్కి మగబిడ్డ పుట్టాడు. అదే ఏడు మాకు వానలు లేవు. జొన్న వెన్ను తీయకముందే ఎండిపోయింది. అమ్మ దీపం ముందు కూర్చుని, "సామీ, నువ్వు ఇల్లు తప్పితివేమో సూసుకో" అని గొణగడం నేను విన్నాను. నాయనకూ వినబడే ఉంటుంది.

యాభై తొమ్మిదిలో నా పెళ్లి నంద్యాలకే అయింది. టౌన్లో ఇల్లు, పక్క ఊళ్లో సేద్యం. ఆ ఏడే రైతుల పొలాలన్నీ కలిపి సహకార వ్యవసాయం చేయిస్తారన్న మాట పుట్టింది. మా నాయనకు మళ్లీ ఊపిరి వచ్చింది. దాన్ని ఎదిరించడానికి లేచిన కొత్త పార్టీ సభ నంద్యాలలో పెడితే ఆళ్లగడ్డ నుంచి రైతులను తీసుకుని వచ్చాడు. ఒక్క మాట నిజం చెప్పాలి. ఆ విషయంలో నాయన మాట తప్పని ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. చెమటోడ్చిన నేలను ఎవరో ఢిల్లీలో కూర్చుని కలిపేస్తామంటే ఏ రైతు ఊరుకుంటాడు?

సభ మా ఇంటికి దగ్గరే జరిగింది. ఆయన మాట వినడానికి మా మిద్దె ఎక్కాను. వేదిక మీద నాయన పక్కన అక్క మామ కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మెడలోనూ ఒకేలాంటి పూలదండలు. మాట ఇస్తే నిలబడే జాతి రైతుదని అక్క మామ మాట్లాడాడు. నాయన తల వంచుకుని విన్నాడు. చప్పట్లు కొట్టాడో లేదో అంత దూరం నుంచి నాకు కనబడలేదు.

ఈ సంగతి నేను అక్కకు చెప్పలేదు. ఎవరో చెప్పారు. తర్వాత నేను ఆళ్లగడ్డ పోయినప్పుడు నా ముందే అక్క అడిగింది.

"ఆయప్ప పక్కన కూసుంటివా నాయనా?"

"కూసుంటి. అది రైతులందరి పని. ఇంటి సంగతి దాంట్లోకి తేకూడదు."

అక్క తల ఊపి పొయ్యి దగ్గరికి పోయింది. కేక వేసి ఉంటే నాయనకు తేలికగా ఉండేది.

నేను ఇంకా అక్కడ ఉండగానే జరిగింది ఇది. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగువుతో అరుగు ముందుకు వచ్చారు. చిన్నవాడు తెగించిన గొంతుతో, "మహానందిలో మునిగి చెప్తా పెద్దాయనా, యాడ రమ్మంటే ఆడికొస్తా" అన్నాడు. నాయన చాలాసేపు వాడి ముఖం చూశాడు. "వద్దప్పా. మునగొద్దు. మునిగితే ఏమీ తేలదు. కోర్టుకు పోండి" అన్నాడు.

వాళ్లు నమ్మలేక నిలబడిపోయారు. అక్క చేతిలో చాటతోనే బయటికి వచ్చింది. పరాయి మగవాళ్ల ముందు ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"వీండ్లను కోర్టుకు పొమ్మంటాండావే. మరి నన్నెందుకు పోనియ్యల్యా నాయనా?"

 నాయన ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన మాట కోసం మేమంతా ఎదురుచూశాం. ఆ అన్నదమ్ములు కూడా ఎదురుచూశారు. చివరికి వాళ్లే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

తెల్లవారి అక్క పాపను ఎత్తుకుని నాతో నంద్యాల బస్సెక్కింది. నాయన అడ్డం చెప్పలేదు, పొమ్మనీ అనలేదు. మా అత్తగారు నాలుగు రోజులు ముఖం ముడుచుకుంది గానీ, పాప ఆమెకు అలవాటైపోయింది. ఆ విభూతి ప్లీడరే దావా వేశాడు. మా ఆయన పోయినాక నాకు పెద్ద దిక్కు మీరేనని అక్క ఆయనతో ఎన్నడూ అనలేదు. నా మొగుడి భాగం నాకు ఇప్పించండి అని మాత్రమే అంది.

అరవైలో విచారణకు వచ్చింది. ఎదుటివాళ్ల వాదం ఏమిటంటే, ఈ తగువు మహానందిలో పెద్దల ముందు ఎప్పుడో తీరిపోయింది, అమ్మాయి తండ్రే ఒప్పుకున్నాడు అని. దానికి సాక్షిగా మా నాయననే పిలిపించారు. ముందురోజు నాయన నంద్యాలలో మా ఇంట్లో దిగితే, ప్లీడరు వచ్చి ఆయన చేయి పట్టుకున్నాడు. "అన్నా, ఒక్క మాట చాలు. నేను నా మాట చెప్పినా, నా కూతురి తరఫున చెప్పల్యా అను. సగం నిజమే గదా అది."

నాయన చేయి విడిపించుకున్నాడు.

అక్కతో పాటు నేనూ కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్నాను. నాయన బోనులో నిలబడ్డాడు. అప్పటికే బాగా చిక్కిపోయాడు. ఎదుటి ప్లీడరు అడిగాడు, ప్రమాణం చేస్తే ఇక చేను అడగబోమని ఒప్పుకున్నారా అని.

"ఒప్పుకుంటి."

"మీ కూతురి తరఫున కూడానా?"

మా ప్లీడరు నాయన వైపు చూశాడు. అక్క చూడలేదు, తన చేతులే చూసుకుంది.

"దాని తరఫునా చెప్తి" అన్నాడు నాయన.

మా ప్లీడరు లేచి, ఆ ప్రమాణం నిజమని మీరు నమ్ముతున్నారా అని అడిగాడు.  నాయన ముందు వరసలో కూర్చున్న వియ్యంకుడి వైపు ఒకసారి చూశాడు. "అది సామికి తెలియల్ల" అన్నాడు. 

దావా పోయిందని చెప్పలేను. చట్టం చట్టమే గదా, ఇంకా లాగవచ్చు అని ప్లీడరే అన్నాడు. అయితే ఎన్నేళ్లు లాగాలో తెలియదు, కాబట్టి రాజీకి పోదాం అన్నాడు. ఎదుటివాళ్లు కొండ వైపున్న, రాళ్లు తేలిన గరుసు నేల ఇస్తామన్నారు. కాలువ నీళ్లు అందని నేల. అక్క ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని నేను గొడవ పడితే, "ఆయప్పను మళ్లీ ఆ బోనులో సూడలేను మ్మే" అంది. నాయన అనకుండా ఆయప్ప అంది.

ఆమె ఆళ్లగడ్డకు తిరిగి పోలేదు. మా వీధి చివర ఒక గది తీసుకుంది. చుట్టుపక్కల ఇళ్లకు కారాలు కొట్టి, అప్పడాలు ఒత్తి, గరుసు నేలను పంటలో సగానికి కోరుకు ఇచ్చి, పాపను బడిలో వేసింది. నాయన నెలకోసారి జొన్నల మూట పంపకుండా తానే మోసుకుని వచ్చేవాడు. పాప ఆయనకు నీళ్లిచ్చేది. చాప వేస్తే కూర్చోకుండా గడప బయట అరుగు మీదే కూర్చునేవాడు. పేపరు చదవడం మానేశాడని అమ్మ చెప్పింది.

ఒకరోజు నేను అక్కడ ఉన్నప్పుడే వచ్చాడు. ముందురోజు పెద్ద వాన పడింది.

"ఆడ పడిందా నాయనా వాన?" అని అక్క అడిగింది.

"పడింది మ్మా. మంచి అదును." జొన్నల సంచి మూతి విప్పుతూ అడిగాడు, "నీ చేనులో?"

"పడింటాది. అది గరుసు నేల నాయనా, తడి నిలబడదు."

నాయన తల ఊపాడు. కాసేపు పాప పలక మీద ఏదో రాస్తుంటే చూశాడు. తర్వాత బస్సుకు టైమయిందని లేచి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచాడు.